కాకిముక్కు వడ్లు వెతుక్కుంటూ

మా కృష్ణా డెల్టా వాళ్లు ఉత్తరాన సింహాచలం దాకా వెళతారు. అప్పన్నకు మొక్కు తీర్చి, వాల్తేరు సముద్రంలో కాళ్లు తడుపుకుని, మరుసటి బండికి తిరిగొచ్చేస్తారు. ఆ పైన ఏముందని అడిగితే ఎవరికీ తెలియదు. నాకు తెలుసు. శ్రీకాకుళం జిల్లాలో మూడేళ్లు రైతులకు సేద్యపు సలహాలు చెప్పే ఉద్యోగం చేశాను. ఈ కార్తీకంలో మళ్లీ వెళ్లి పది రోజులు తిరిగొచ్చాను. చూసింది రాయమని మిత్రులు పట్టుబట్టారు కాబట్టి రాస్తున్నాను. ఊరెళ్లి వచ్చినవాళ్లు కాస్త గొప్పలు పోవడం రివాజు. నాకా అవకాశం లేదు.

ముందు వెళ్లిన పని చెప్పాలి. వరిలో ఎండాకు తెగులని ఒకటుంది. ఆకు కొసన మొదలై, అంచుల వెంట కిందికి దిగుతూ, కొద్ది రోజుల్లో చేను చేనంతా ఎండుగడ్డి రంగుకు తిప్పేస్తుంది. కంటికి కనిపించని సూక్ష్మజీవి చేసే పని అది. దానికి మందు లేదు. నాటు రకాల మీద ఇంతగా రెచ్చిపోయేది కాదు గానీ, తైవాన్ నుంచి తైచుంగ్ అనే పొట్టి వరి వచ్చాక దానికి పండగైంది. తైచుంగ్ ఎంత యూరియా వేస్తే అంత పండుతుంది, గాలికి పడిపోదు, కానీ ఈ తెగులు ముందు మాత్రం నిలబడలేదు. ఇక దారి ఒక్కటే. తెగులును తట్టుకునే గుణం పుట్టుకతోనే ఉన్న నాటు వరి ఎక్కడో ఉంటుంది. దాన్ని వెతికి తెచ్చి తైచుంగ్‌తో సంకరం చేస్తే, పుట్టినవాటిలో కొన్నింటికైనా ఒకరి పొట్టితనం, ఇంకొకరి గట్టితనం కలిసి రావచ్చు. ఇప్పుడు నేను పనిచేసే వరి పరిశోధన క్షేత్రంలో ఆ ప్రయత్నమే జరుగుతోంది.

"నౌపడ దగ్గర ఒక ఊళ్లో చుట్టూ చేలు మాడిపోయినా ఒక మడి మాత్రం రెండేళ్లుగా పచ్చగా ఉందట. వెళ్లి విత్తనం పట్రా. నీకు తెలిసిన ప్రాంతమేగా!" అన్నారు మా పై అధికారి. ఆ ఊరు నాకు మరీ బాగా తెలుసు.

రెండేళ్ల కిందట ఆ ఊళ్లో తైచుంగ్ వేయించింది నేనే. అక్కడితో ఆగినా బాగుండేది. ఆ ఏడు వానలు ఆలస్యమై నారు ముదిరింది. ముదిరిన నారు కొసల మీద పురుగు గుడ్లుంటాయి, కోసి పారేసి నాటితే మంచిదని చదివి ఉన్నాను. మాట మంచిదే. కానీ ఆ నారుమడిలో అక్కడక్కడ ఆకు అంచులు పసుపెక్కడం కూడా చూశాను. చూసి, యూరియా చాలలేదులే అనుకున్నాను. ఆ ఊరి ఆడకూలీల ముఠాకు పెద్ద ఒకామె ఉండేది. ఊడ్పులను అక్కడ ఉబాలంటారు. ఉబాల్లో ప్రతి రైతు చేలోనూ మొదటి మొక్క ఆమె చేత నాటించడం ఆనవాయితీ. కొడవలి ఆమెకే ఇచ్చి, కట్ట కట్టకీ జానెడు కొస కోసెయ్యమన్నాను. "పచ్చటి ఆకు కోసేత్తే మొక్క ఏడవదేటి బాబూ?" అందామె. నేను నవ్వాను.

ఒకే కొడవలితో ఊరందరి నారు కోసింది. మూడు వారాలకు మొక్కలు వడలిపోయాయి. మిగిలినవి పూత నాటికి ఎండిపోయాయి. ఆ తర్వాత నాకు బదిలీ అయింది. పరిశోధన క్షేత్రానికి వచ్చాకే తెలిసింది, ఈ సూక్ష్మజీవి గాయంలోంచి లోపలికి పోతుందని. తెగులున్న ఆకును కోసిన కొడవలి, ఆ తర్వాత కోసిన ప్రతి ఆకులోకీ తెగులును ఎక్కిస్తుందని. తెలిసి ఏడాదైంది. ఆ ఊరికి ఒక్క ముక్క రాయలేదు.

విజయనగరం

మెయిలు దిగేసరికి తెల్లవారింది. నా సామానంతా గుడ్డ సంచుల మూట. విత్తనాలు పోయడానికి కుట్టించినవి. స్టేషను బయట ఒకావిడ మూట విప్పి చూసేదాకా వదల్లేదు. "జాకెట్టు ముక్కలేటి బాబూ?" అంది. కాదని చెబితే, "మరెందుకు మోసుకు తిరగడం?" అని విసుక్కుని వెళ్లిపోయింది.

ఇడ్లీ ప్లేటు పాతిక పైసలు. మా వైపు కన్నా చవక. చట్నీ అడగకుండానే పోస్తూ ఉంటారు. పక్కన కూర్చున్న పెద్దమనిషి నా ఊరు, ఉద్యోగం, జీతం, పిల్లల లెక్క అంతా ఇడ్లీ చల్లారేలోపు అడిగేశాడు. మా వైపు ఇవే సంగతులు తెలుసుకోవడానికి నాలుగు రోజులు చుట్టూ తిరుగుతారు. ఇక్కడ మొహమ్మీదే అడుగుతారు. అడిగి, ఆ వెంటనే మనవాడైపోతారు.

నౌపడ బండి గంటలో ఉంది. ఎక్కలేదు. శృంగవరపుకోట వైపు కొండల కింద మెట్ట వడ్లు బాగుంటాయని ఎప్పుడో విన్నది గుర్తు తెచ్చుకుని, బస్సెక్కాను. కొండల కింద మెట్ట వడ్లు నిజంగానే బాగుంటాయి. కానీ బస్సెక్కింది అందుకు కాదు.

శృంగవరపుకోట

సంత రోజు. కొండల మీది నుంచి దిగినవాళ్లు పసుపు, చింతపండు, అడ్డాకుల కట్టలు, చీపుర్లు నేల మీద పరిచారు. బేరమాడేవాళ్లు కింది ఊళ్లవాళ్లు. బేరం ముగిసిందని కొండవాళ్ల మొహం చూసి తెలియదు, కట్ట ముందుకు జరుపుతారంతే. ఒక ముసలమ్మ దగ్గర చోడి అంబలి తాగాను. మా వైపు రాగి సంకటి తెలుసు గానీ, ఇలా పులియబెట్టి, పచ్చిమిరపకాయ కొరుక్కుంటూ తాగడం తెలియదు. రెండో చెంబు అడిగితే ఆవిడ ఎంతో సంతోషించింది. కారానికి కళ్ల నీళ్లు తిరుగుతుంటే ఇంకా సంతోషించింది.

సంత పక్కన కాఫీ హోటల్లో నా వల్ల ఒక గొడవ జరిగింది. దారిలో ఒక చేలో తెగులాకు కనిపిస్తే తుంచి జేబులో పెట్టుకున్నాను. ఎదురుగా ఒక ముసలి రైతు కూర్చుని, నా మూట చూసి, సంగతేమిటని అడిగాడు. చెప్పడం కన్నా చూపడం మేలని, గాజు గ్లాసులో నీళ్లు పోసి, ఆకు కోసి నిలువుగా ముంచాను. తెగులున్న ఆకైతే కాసేపటికి కోసిన చోటి నుంచి తెల్లటి పొగలాంటి దారం నీళ్లలోకి దిగుతుంది. కోటానుకోట్ల సూక్ష్మజీవుల గుంపు అది. ముసలాయన గ్లాసు వెలుగుకు పెట్టి నోరు తెరుచుకుని చూస్తున్నాడు. ఇంతలో హోటలాయన వచ్చి పడ్డాడు.

"తాగే గలాసులో తెగులాకు ముంచుతారేటి! సదువుకున్నోరు కాదేటి మీరు? రేపెవులైనా మంచాన పడితే నా పీక మీదకొస్తాది!"

మనుషులకు ఏమీ కాదని ఎంత చెప్పినా వినలేదు. చింతపండు పెట్టి మూడుసార్లు తోమిస్తే గానీ శాంతించలేదు. చివరికి ఆ గ్లాసు నాకే అంటగట్టాడు. కొనుక్కుని సంచిలో వేసుకున్నాను.

ముసలి రైతు నన్ను తన ఇంటికి తీసుకెళ్లి, తొంభై రోజుల మెట్ట వడ్లు దోసిలితో తెచ్చాడు. డబ్బు ఇవ్వబోతే చేతులు వెనక్కి పెట్టుకున్నాడు. "ఇత్తనం అమ్మకూడదు బాబూ. ఇత్తనానికి ఇత్తనం ఇచ్చి మార్సుకోవాల" అన్నాడు. నా దగ్గర విత్తనం లేదు. ఒక గుడ్డ సంచి ఇస్తే తృప్తిపడ్డాడు. వస్తుంటే నా చేతులు పట్టుకుని, "మీలాటోరుంటే మాలాటోల్లం బతుకుతాం" అన్నాడు. అప్పుడైనా నౌపడ వెళ్లి ఉండాల్సింది. మరో రెండు రోజులు శృంగవరపుకోటలోనే ఉన్నాను. బస చేసిన చోట మంచంలో నల్లులున్నాయి. అయినా ఉన్నాను.

గరివిడి

విజయనగరం తిరిగొచ్చి నౌపడకు టికెట్ తీసుకున్నవాణ్ని గరివిడిలోనే దిగిపోయాను. లోహాలు కరిగించే కార్ఖానా ఉన్న ఊరది, రైల్లోంచే పొగ కనిపిస్తుంది. ఊరు కొత్తది. కొట్లు కొత్తవి. సైకిళ్ల మీద ఖాకీ నిక్కర్లవాళ్లు గుంపులుగా పోతుంటారు. ఒకాయన సైకిలు ఆపి నన్నే తేరిపార చూశాడు.

"మీరు తైచుంగు బాబు కాదేటండీ?"

నాకా పేరున్నట్టు అప్పుడే తెలిసింది. అతను రాములప్పడు. నేను తప్పించుకు తిరుగుతున్న ఆ ఊరివాడే. ఎకరం కౌలు చేసేవాడు. రెండేళ్ల కిందట పంట పోయాక ఊరొదిలి, ఇక్కడ కొలిమి దగ్గర పనికి కుదిరాడు. మణికట్టు మీద కాలిన మచ్చలున్నాయి. చెయ్యి పట్టుకుని ఇంటికి లాక్కెళ్లాడు. తాటాకుల ఇల్లు. భార్య మెత్తళ్లు వేసి పులుసు కాచి, నాకు మొదట పెట్టింది. మెత్తళ్లంటే మా నెత్తళ్లే, ఎండబెట్టిన చిన్న చేపలు. పీట నాకేసి, అతను నేల మీద కూర్చున్నాడు. రెండు ముద్దలు తిన్నాక ఎలాగో అడిగాను, ఊళ్లో పంటలెలా ఉన్నాయని.

"ఏటుంటాయి బాబూ. ఈ ఏడూ అదే తెగులు. ఆ మనిసి ఊల్లో ఉన్నంత కాలం అంతే."

"ఏ మనిషి?"

"ఉబాలు నడిపేది కాదేటండీ, మీరు కొడవలిచ్చినారు! మా అందరి నారూ కోసినాది. మా సేలు మాడిపోనాయి. తన ముప్పై సెంట్ల మడి మాత్తరం పచ్చగుండిపోనాది. తన నారూ అదే కొడవలితో కోసినాది, మేం సూసినాం. ఒక్క ఆకు ఎండనేదు. సిల్లంగి కాకపోతే మరేటి?"

చిల్లంగి అంటే చేతబడి. ఆ వైపు ఆ మాట పడ్డ మనిషిని ఊళ్లు ఏం చేస్తాయో మూడేళ్లు పనిచేసినవాణ్ని, నాకు తెలుసు.

"ఇప్పుడెవులూ ఉబాలకి పిలవరు. నూతి కాడకొస్తే ఆడోల్లు బిందెలెత్తుకు పోతారు. పెద్దోల్లు తన్ని పంపేద్దారన్నారు గానీ, ఒకటి రెండేల్లు సూద్దారని ఆగినారు. ఈ ఏడు కూడా పోనాది కదా, మరాగరు." అని, నా మొహం చూసి ఏమనుకున్నాడో, "మీరేటి సేత్తారు బాబూ! మీరు మంచికే సెప్పినారు. ఇంకాసింత పులుసేసుకోండి" అన్నాడు.

వేసుకున్నాను. నోరు విప్పి ఒక్క మాట చెబితే సరిపోయేది. చేతబడి కాదు నాయనా, నేను చేసిన పని అది అని. ఆ పీట మీద కూర్చుని, ఆ ఇల్లాలు మళ్లీ మళ్లీ వడ్డిస్తుంటే, నేను పులుసు బాగుందన్నాను. ఇంతవరకు నా జీవితంలో నేను సిగ్గుపడాల్సిన పనులు కొన్ని చేశాను. వాటిలో ఇది మొదటిది. ఆకులు కోయించడం కాదు, ఈ భోజనం.

నౌపడ

నౌపడ చిన్న జంక్షను. పెద్ద లైను పక్కనే పర్లాకిమిడి వైపు పోయే బుల్లి లైనుంది. దాని ఇంజను అరుపు పెద్ద, నడక నెమ్మది. పక్కన నడుస్తూ ప్రయాణికులతో కబుర్లు చెప్పే మనుషుల్ని చూశాను. స్టేషను దాటితే ఉప్పుమళ్లు. వానలకు కొట్టుకుపోయిన గట్లు పూడ్చుకుంటున్నారు. నిరుటి ఉప్పు కుప్పలు తాటాకులు కప్పుకుని వరసగా ఉన్నాయి. టీ కొట్లో తెలుగూ ఒడియా ఒకే వాక్యంలో కలిపేసి మాట్లాడుకుంటున్నారు. టీలో ఉప్పు తగిలిందని నేనంటే, "నీల్లే అంత బాబూ, మాకు తెలీదు" అని నవ్వాడు కొట్టతను.

ఊరు అక్కడికి మూడు మైళ్లు. నడిచే వెళ్లాను. దారిలో పడ్డ గుంటలన్నీ నాకు గుర్తున్నాయి.

ఊరి పొలాలు

సూరన్నాయుడు ఊళ్లో పెద్ద రైతు. రెండేళ్ల కిందట అందరికన్నా ముందు నా మాట విని, అందరికన్నా ఎక్కువ పోగొట్టుకున్నవాడు. అరుగు దిగి ఎదురొచ్చాడు. కాళ్లకు నీళ్లిప్పించాడు. నాటు విత్తనం కోసం వచ్చానంటే తల అడ్డంగా ఊపాడు. "ఎక్కడుందండీ? మీ పొట్టి వొరి ఏసినేడు పాతవి తినేసినాం. అప్పుట్నుంచి అదే ఏత్తన్నాం."  నన్ను తిట్టినా బాగుండేది.

పొలానికి తీసుకెళ్లాడు. ఆ పల్లపు భూమిని అక్కడ తంపర అంటారు, నీరు తొందరగా దిగదు. మడులన్నీ ఎండుగడ్డి రంగులో ఉన్నాయి. పండి కాదు, మాడి. కంకి పట్టుకుంటే తాలు. వాటి మధ్య ఒక చిన్న మడి, నడుమెత్తు వరి, ఆకు చివరిదాకా పచ్చగా ఉంది. గింజ ఇంకా పాలు పోసుకుంటోంది. గింజ కొస నల్లగా, కొంచెం వంకరగా ఉంది.

"కాకిముక్కులు" అన్నాడు సూరన్నాయుడు. గట్టు మీదే నిలబడ్డాడు గానీ ఆ మడిలో కాలు పెట్టలేదు.

నేను దిగాను. పక్క మడి నీళ్లు ఇందులోంచే పోతున్నాయి. గట్టు అవతల తైచుంగ్ ఆకు మీద తెగులు రసం ఎండి, పసుపు పూసల్లా అంటుకుని ఉంది. ఇవతల ఆకు మీద ఒకటి రెండు చోట్ల చిన్న మచ్చ పడి, అక్కడే ఆగిపోయింది. ఇన్నాళ్లు పుస్తకాల్లో చదివింది ఇదే. తెగులు వచ్చింది, లోపలికి పోలేకపోయింది. నాకు కాసేపు ఒళ్లు మరిచిపోయేంత సంతోషం కలిగింది. ఆ సంతోషంలో ఆమె సంగతి కూడా మరిచిపోయాను. అది రాయకపోతే ఈ వ్యాసం అబద్ధమవుతుంది.

"ఆ ఇత్తనం ముట్టుకోకండి బాబూ" అన్నాడు సూరన్నాయుడు గట్టు మీద నుంచి. "పున్నం ఎల్లినాక ఊరంతా కూకుని తేల్చేత్తాం. ఆ మనిసి ఇక్కడుండదు."

పున్నమికి ఇంకా నాలుగు రోజులున్నాయి.

ఉప్పు లైను

ఆమె ఎక్కడుందో అడిగి, వచ్చిన దారినే వెనక్కి నడిచాను. నౌపడ స్టేషను పక్కన రైలు పెట్టెల్లోకి ఉప్పు ఎత్తుతోంది. ఉబాలకు పిలవరు కాబట్టి ఆ పనిలో చేరింది. తల మీద గంప, గంప కింద చుట్టకుదురు. ఉప్పు నీరు కారి మెడ మీద చారలు కట్టింది. చేతివేళ్ల సందులు పగిలి ఉన్నాయి. నన్ను చూడగానే గుర్తుపట్టింది. గంప దించి, కొంగుతో మొహం తుడుచుకుంది.

"ఏటి బాబూ, మల్లీ ఏటి కొయ్యమంటావు?"

ఎత్తిపొడుపు కాదు. నిజంగానే అడిగినట్టు అడిగింది. విత్తనం కోసం వచ్చానన్నాను. వరదొస్తే రెండోసారి చల్లుకోడానికి దాచిన కాకిముక్కులు ఇంట్లో కుండలో ఉన్నాయంది. ఇస్తానంది. ఇచ్చే ముందు ఒక మాట అడగాలంది.

"నా సేతిలో ఏటుంది బాబూ? నువ్వు సదువుకున్నోడివి, సూసి సెప్పు." రెండు అరచేతులూ చాచింది. "మొదట ఆల్లంటే ఏడిసినాను. ఇప్పుడు నాకే అనుమానంగున్నాది. నా కూతురు నీలాడినాది. పిల్లనెత్తుకోమన్నాది. ఎత్తుకోనేదు నాను."

కూతురు కని చేతికిస్తే మనవరాలిని ఎత్తుకోలేదు. ఆ చేతులు ఇంకా నా ముందు చాచే ఉన్నాయి. పొగబండి ఒకటి దాటిపోయింది. తర్వాత చెప్పాను. నారుమడిలో పసుపు చూసి కూడా పట్టించుకోలేదని, తెగులు కొడవలి మీద ఎక్కి మడి మడికీ పాకిందని, కొడవలి ఇచ్చింది నేనని, ఆమె మడి బతికింది చేతి వల్ల కాదు, విత్తనంలో ఉన్న గుణం వల్లనని. అంతా విన్నది. 

"నాకు సెప్పితే ఏటి లాబం? ఆల్లకి సెప్పు" అంది. గంప బోర్లించి, పనికి పెద్దగా ఉన్నతనితో ఏదో చెప్పి, నా ముందు నడిచింది.

సూరన్నాయుడి అరుగు

అరుగు మీద ఏడెనిమిదిమంది రైతులు. ఆమె వాకిట్లోకి రాలేదు, వీధిలో నిలబడింది. నేను చెప్పడం మొదలుపెట్టాను.   తప్పు నాదని, ఆమెది కాదని.

వాళ్లు ఒకళ్ల మొహాలొకళ్లు చూసుకున్నారు. "బాబు మంచోరు" అన్నాడొక ముసలాయన. "ఆడకూతురని జాలిపడి తన మీదేసుకుంటన్నారు." అందరూ తలూపారు. నేనెంత గట్టిగా నా తప్పంటే అంత మంచివాణ్నయిపోతున్నాను! ఇలాంటి గౌరవం పగవాడికి కూడా వద్దు.

సంచిలోంచి గాజు గ్లాసు తీశాను. సూరన్నాయుడి మడిలోని ఆకు ఒకటి, ఆమె మడిలోని ఆకు ఒకటి తెప్పించాను. కొడవలి అడిగి, ఎండిపోతున్న ఆకును కోసి నీళ్లలో ముంచి, ఎండకు ఎత్తి పట్టుకున్నాను. దగ్గరగా చూడాలని సూరన్నాయుడే గ్లాసు అందుకున్నాడు. కాసేపటికి తెల్లటి దారం దిగింది. నీళ్లు మార్చి, కాకిముక్కుల ఆకు ముంచాను. నీళ్లు తేటగా ఉండిపోయాయి. కొడవలి మీద తడిసిన చోటు చూపించాను. "ఈ రసమే. ఇదే కొడవలి, ఇదే చెయ్యి, రెండు రకాల విత్తనం. చేతిలో దోషముంటే తన మడీ పోవాలిగా" అన్నాను.

"తనకి యూరియా ఎయ్యడానికి డబ్బుల్లేవు. అందుకూ బతికుండొచ్చు కదేటండీ?" అన్నాడు సూరన్నాయుడు. మంచి ప్రశ్న. మా క్షేత్రంలో కూడా మొదట అదే అడుగుతారు.

"కావచ్చు. అందుకే పట్టుకెళ్లి, యూరియా వేసి, తెగులు ఎక్కించి మరీ చూస్తాం. ఏం తేలినా చెయ్యి మాత్రం కారణం కాదు."

అతను గ్లాసు మరోసారి ఎండకు ఎత్తి చూశాడు. కింద పెట్టాడు.

"ఇది మీకెప్పుడు తెలిసినాది?"

"ఏడాదైంది."

"ఒక కార్డు ముక్క రాయనేపోనారా?"

 అప్పుడు నన్నెవరూ మంచివాడనలేదు. ఒక్కొక్కరే లేచి, తువ్వాళ్లు దులుపుకుని వెళ్లిపోయారు. ముసలాయన పోతూ పోతూ వీధిలో ఆమె దగ్గర ఆగాడు. తర్వాత దాటిపోయాడు. సూరన్నాయుడు తల వంచుకునే, "పున్నానికి ఎవులూ కూకోరు" అన్నాడు. ఆమెతో కాదు, నాతో. కాసేపటికి అతని భార్య లోపల్నుంచి చెంబుతో వచ్చి, వీధిలోకి చూసి, "అమ్మీ, మంచినీల్లు తాగుతావా?" అంది. ఆమె వచ్చి తాగింది. చెంబు తనే కడిగి గడప దగ్గర పెట్టింది.

ఆమె ఇల్లు

కుండ మూతికి పేడ మెత్తి ఉంది. పగలగొట్టి, నా సంచి నిండా కాకిముక్కులు పోసింది. ప్రతి సంచికీ ఒక కార్డు కట్టాలి. అందులో మూడు గడులు. రకం పేరు, ఊరి పేరు, ఇచ్చినవారి పేరు. మొదటి రెండూ రాశాను.

"ఇక్కడ మీ పేరు రాస్తున్నాను" అన్నాను. "రేపు దీన్నుంచి కొత్త వరి పుడితే, దాని మూలం మీ దగ్గరుందని పుస్తకాల్లో ఉంటుంది." చేసిన దానికి కొంతైనా తీర్చుకుంటున్నాననే తృప్తి నా గొంతులో ఉండే ఉంటుంది.

"రాయకు" అంది.

"ఏం?"

"నీ కొత్త వొరి నాలుగేల్లు పండుతాది. ఐదో ఏడు తెగులు కొత్త ఏసం ఏసుకుని మల్లీ వస్తాది. వస్తాదా, రాదా?"

రాదని చెప్పలేకపోయాను. చదువుకున్నవాళ్లు వాదించుకుంటున్న సంగతే అది. తట్టుకునే గుణం పెట్టి ఎంత మంచి వరి తయారుచేసినా, దాన్ని ఓడించే సూక్ష్మజీవి ఎప్పుడో పుట్టుకురావచ్చు.

"అప్పుడు ఆ ఇత్తనం ఎవులిచ్చినారని నీ కాగితం తీత్తారు. మల్లీ నా పేరే సెప్తారు. ఈసారి ఒక్క ఊరు కాదు."

"గడి ఖాళీగా ఉంటే విత్తనం తీసుకోరమ్మా."

"నీ పేరు రాసుకో బాబూ. మంచైతే నీది. సెడ్డైనా నీదే."

రాశాను. ఆమెకు చదవడం రాదు. అయినా నేను రాసిందేమిటో చదివి వినిపించమంది. వినిపించాను. విని, తలుపు దగ్గరికేసి, కూతురింటికి వెళ్లాలంది. నేను స్టేషను దారి పట్టాను.

తిరిగొచ్చాక సంచులన్నీ మా పై అధికారి బల్ల మీద పెట్టాను. ఆయన కాకిముక్కుల కార్డు చదివి, "ఇచ్చినవారు నువ్వేనా! మొత్తానికి ఆ ఊళ్లో నీ పేరు నిలబెట్టుకున్నావన్నమాట" అని భుజం తట్టారు. నేను మిగతా సంచులు విప్పాను. ఆమె పేరు నాకు బాగా గుర్తుంది. ఇక్కడా రాయడం లేదు.